సత్తు గుండిగ

రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి
పగులుందో లేదో చెవితో చెప్పే ఉద్యోగం నాది.
ఇరవై ఆరేళ్ళు పలాస స్టేషన్లో
పట్టాల పక్కన వంగి నడుస్తూ
ఇనుము ఏమంటుందో విన్నాను.
కాశీబుగ్గ పాతసామాన్ల కొట్టులో
వేలి కణుపుతో గుండిగల్ని కొడుతూ తిరుగుతుంటే
ఢిల్లేశ్వరరావు నవ్వాడు.
"ఏటి బావూ, గుండిగ కొంతన్నావా, కొబ్బరికాయా?"

నలభై లీటర్లది కావాలి నాకు.
ఇరవై లీటర్ల బీరు సీసాల్లోకి దిగాలంటే
ముప్పై మరగాలి,
నురగ పొంగడానికి పైన ఇంకో పది ఖాళీగా ఉండాలి.
ఈ లెక్క అతనికి చెప్పలేదు.
"మేనకోడలి పెళ్ళి, పప్పుచారుకి" అన్నాను.
నాకు మేనకోడలు లేదు.

మొదటిది స్టీలు. నా మొహం కనిపించేంత కొత్తది.
ధర విన్నాక అందులో ఆ మొహం చూడలేకపోయాను.
తర్వాత ఇత్తడి, బుడితి పని.
తట్టిన చెయ్యి తీసేశాక కూడా మోగుతూనే ఉంది,
కాటాలో పెడితే నా నెల జీతం మోగింది.
జీడిపిక్కలు ఉడికించిన డ్రమ్ము ఒకటి, ఎంత చవకో!
లోపల తల దూర్చాను.
ఎన్నేళ్ళయినా వదలని జీడినూనె ఘాటు,
అందులో కాచినది తాగితే పెదాలు బొబ్బలెక్కుతాయి.
ఇంకోదానికి అడుగు పలచన,
కొడితే దగ్గింది.
యవల గంజి అడుగంటిందంటే
ఆ మాడు వాసన ఆఖరి సీసా దాకా వస్తుంది.
దమయంతి కుక్కర్లో కాచి నేర్చుకున్న పాఠం అది.
ఆ కుక్కరు ఊసు మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తకూడదు.

మూలన, తుప్పు పట్టిన సైకిల్ రిమ్ముల కింద
బోర్లా పడి ఉంది, సత్తుది.
వెడల్పు రెండు జానలు, లోతు జానెడున్నర.
చెవులు గట్టివి. అంచు ఒకచోట నొక్కుకుపోయింది.
బయటంతా మసి, లోపల బూడిద రంగు.
ఆ రంగు పోయేలా తోమకూడదు,
లోహం తనకు తాను కప్పుకున్న దుప్పటి అది.
కొట్టాను.
పొట్టిగా, నిండుగా, ఒక్కటే మాట.
బాగున్న చక్రం కూడా అంతే అంటుంది:
పోనియ్యి.

ఎత్తి వెలుతురులో తిప్పితే
అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు.
దున్న కూర్మమ్మ జ్ఞాపకార్థం. వీధివారికి. 1984.

"పేరు అడ్డమా? యాభై రూపాయలియ్యి,
గ్రైండరెట్టి లేపేస్తాను."
వద్దన్నాను.
"తుఫానొచ్చినప్పుడు దీంతోనే గంజి కాసినారు బావూ.
ఇప్పుడు అన్నిటికీ టెంటు హౌసోళ్ళే.
ఈ గుండిగెవులికి కావాల?"

అడుగున బెజ్జం కొట్టించి కుళాయి పెట్టించాలని
చీటీ మీద రాసుకుని వచ్చాను.
చీటీ జేబులోంచి తియ్యలేదు.
ఎందుకో, "పెళ్ళికి కాదు, బీరుకి" అనేశాను.
అతను కాసేపు నన్నూ, కాసేపు గుండిగనీ చూసి
"మా తాతా అంతే,
చోళ్ళు పులవబెట్టడానికి కుండ కొనాలంటే
సంతలో కుండలన్నీ కొట్టీసీవోడు" అన్నాడు.
ధర మాత్రం రూపాయి తగ్గించలేదు.
పైగా ఒక సీసా బాకీ రాసుకున్నాడు, పుస్తకంలో, తారీఖుతో సహా.

మోపెడ్ వెనకాల తాడుతో కట్టాను.
ప్రతి గోతికీ ఒకసారి మాట్లాడింది.
రైలు గేటు దగ్గర ఆగితే
ముందు ఆటోలోని చంటిపిల్ల దాన్ని చూసి ఏడుపు మానేసింది.
ఇంటికొచ్చాక చూస్తే స్టవ్ మీద కుదురుగా కూర్చుంది గానీ
నీళ్ళు పోశాక ఇద్దరం పట్టినా లేవదు.
ఇది మాత్రం కొట్టులో తట్టి చూస్తే తెలిసేది కాదు.
దమయంతి ఏమీ అనలేదు.
కుక్కరు వైపు ఒకసారి చూసిందంతే.

ఆదివారానికి యవలు సిద్ధం.
చేదు పువ్వు పొట్లం ఫ్రిజ్‌లో, కరివేపాకు పక్కన.
శనివారం సాయంత్రం లోలాక్షి వచ్చింది.
"మనవడి బారసాలన్నయ్యా. పెద్ద గుండిగ కొన్నావటగదా."
అంచు కింద రాసింది తను చూడలేదు.
నేను చూశాను కదా.

ఆదివారం. నా యవలు సంచిలోనే ఉన్నాయి.
అరుగు మీద కూర్చుని పేపరు తిరగేస్తున్నాను.
రెండిళ్ళ అవతల ఎవరో గరిటెతో అంచు మీద కొట్టారు.
పొట్టిగా, నిండుగా.
పగులేమీ లేదు.